తంగేడు మీద తుమ్మెద

బసవరాజన్న మా బస్సు నడిపినన్నాళ్ళూ, నేను "రైట్" అననిదే ఒక్క స్టాపులో కూడా బండి కదిలించలేదు. సిటీ బస్సుల సంగతి తెలిసినవాళ్ళకు ఇదెంత పెద్ద మాటో అర్థమవుతుంది. కండక్టరు నోరు తెరిచేలోపే గేరు వేసి, ఎక్కేవాళ్ళను ఎక్కనిచ్చి పడేవాళ్ళను పడనిచ్చే డ్రైవర్లతో నా ఉద్యోగం మొదలైంది. వాళ్ళ మీద అరిచి అరిచి ఇంటికెళ్ళి ఉప్పునీళ్ళు పుక్కిలించేదాన్ని. 2005లో చర్లపల్లి నుంచి నాచారం, హబ్సిగూడ మీదుగా సికింద్రాబాద్ వెళ్ళే బస్సులో నన్ను బసవరాజన్నకు జతగా వేశాక నా గొంతు బాగుపడింది. "హోల్డాన్" అంటే ఆగేవాడు. "రైట్ రైట్" అంటే కదిలేవాడు. ఆ రెండు మాటల మధ్య అద్దంలో నా మొహం చూస్తూ కూర్చునేవాడు.

"అద్దంల నన్నే సూస్తవేందన్నా? నా మొకం మీద సిగ్నల్ ఉన్నదా?" అని మొదట్లో ఎగతాళి చేశాను.

"ఉన్నది చెల్లె. ఎనుక ఏమైతుందో నాకు కనవడదు, నీకు కనవడ్తది. నువ్వు అంటేనే పోవాలె," అన్నాడు.

అతనిది నారాయణఖేడ్ పక్కన చిన్న పల్లె. ఆర్టీసీకి రాకముందు బొంబాయి రోడ్డు మీద లారీ నడిపాడు. హెడ్‌లైట్ల వెలుగుకు వచ్చి అద్దానికి కొట్టుకుని చచ్చిన పురుగులను పొద్దున్నే గుడ్డపెట్టి తుడిచేవాడట. "ఎన్ని వేల పురుగులను తుడిచిన్నో చెల్లె. ఒక్కదాని మొకం సక్కగ సూడలే," అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు నవ్వేవాడు కాదు.

నాచారంలో ఫోటో స్టూడియో ఉన్న అతని బావమరిది, పెళ్ళిళ్ళకు ఇక పనికిరాదని తన పాత డిజిటల్ కెమెరాను ఇతనికి ఇచ్చేశాడు. అన్న దానితో మనుషులను తీయలేదు. కలుపుమొక్కల పూల మీద వాలే పురుగులను తీశాడు. చర్లపల్లి చివరి స్టాపులో బస్సు ఆగినప్పుడు మిగతా డ్రైవర్లు బీడీ వెలిగిస్తే, ఇతను ఖాకీ బట్టలతోనే గడ్డిలో బోర్లా పడుకునేవాడు. లెన్సు ఊడదీసి, తిరగేసి, గ్యారేజీలో దొరికిన రింగు ఒకటి అడ్డం పెట్టి బిగించేవాడు. అలా తిరగేస్తే చీమ తల చింతగింజంత కనిపిస్తుంది. కాకపోతే ఆ తిరగేసిన లెన్సుతో ఒక చిక్కుంది. పురుగును ఎంత పెద్దగా చూపిస్తుందో, పట్టుకున్న చేతి కదలికనూ అంత పెద్దగా చూపిస్తుంది. అందుకని మోచేతులు నేలకు ఆనించి, ఊపిరి బిగబట్టి, రాయిలా పడి ఉండేవాడు. లేచి వచ్చేసరికి చొక్కా నిండా ఉత్తరేణి గింజలే.

"డ్యూటీకొస్తున్నవా, మేతకు పోయొస్తున్నవా అన్నా?" అనేదాన్ని.

తుమ్మిపూల మీద సీతాకోకచిలుకలు, గడ్డిచామంతి మీద తేనెటీగలు, గునుగు మీద పెంకుపురుగులు, ఎన్నో చూపించాడు. నిజం చెప్పాలంటే సగం నాకు ఒక్కలాగే ఉండేవి. 2008లో, వానలు తగ్గాక తీసిన ఒక ఫోటో మాత్రం నన్ను ఆపేసింది. తంగేడు పువ్వును నల్ల తుమ్మెద ఒకటి కాళ్ళతో కరుచుకుని ఉంది. దాని చుట్టూ పసుపుపచ్చని పొడి గాలిలో తేలుతోంది. ఒక్కో రేణువూ విడిగా కనిపిస్తోంది.

"తంగేడుల తేనె ఉండదు చెల్లె, పుప్పొడే ఉంటది. అది గూడ సన్న గొట్టాలల్ల మూసుకోని ఉంటది. తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకోని ఒళ్ళంత వణికిస్తది. అప్పుడు గాని రాలదు. గా వణుకుడును పట్టిన సూడు," అన్నాడు. అతని కళ్ళలో అంత గర్వం నేను మళ్ళీ చూడలేదు.

ఆ ఫోటోను డ్రైవరు క్యాబిన్లో వీరభద్రుడి పటం పక్కన అంటించాడు. దేవుని పక్కన ఈగ ఏందని అడిగిన ప్రతివాడికీ, ఈగ కాదు తుమ్మెద అని నేనే జవాబు చెప్పేదాన్ని.

2011 వానాకాలం మొదట్లో నాచారం స్టాపు దగ్గర బస్సు ఫుట్‌పాత్ ఎక్కింది. పెద్దగా కాదు, ముందు చక్రం అంచు మాత్రమే. కానీ అక్కడ జనం నిలబడి ఉన్నారు. చంకలో పిల్లతో ఉన్న ఒకామె వెనక్కి పడింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అన్న మొహం మాత్రం సున్నం కొట్టినట్టయింది.

"స్టీరింగుల ప్లే ఉన్నది, లూజైంది," అన్నాడు.

గ్యారేజీ వాళ్ళు విప్పి చూసి ఏమీ లేదన్నారు. సరిగ్గా చూడలేదని వాళ్ళతో నేనే కొట్లాడాను. సిటీ బస్సులో అద్దాలు వణుకుతాయి, సీట్లు వణుకుతాయి, పైన పట్టుకునే కడ్డీలు వణుకుతాయి, గేరు రాడ్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. అన్నీ వణికేచోట ఒక మనిషి చెయ్యి వణుకుతోందని ఎవరికి తెలుస్తుంది?

సెప్టెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులన్నీ డిపోలో నిలిచిపోయాయి. డిపో గేటు ముందు టెంటు వేసుకుని రోజూ కూర్చునేవాళ్ళం. పాటలు, ఉపన్యాసాలు, మధ్యాహ్నం పులిహోర. అన్న కాసేపు కూర్చుని, కెమెరా భుజాన వేసుకుని మూసీ వైపు భగాయత్ భూముల్లోకి వెళ్ళేవాడు. అప్పటికి అక్కడ ఇళ్ళు లేవు, ఎటు చూసినా గునుగు, తంగేడు. బతుకమ్మ దగ్గరపడింది కదా, పూలు కోసుకుందామని ఒకరోజు నేనూ వెంట వెళ్ళాను.

తంగేడు పొద దగ్గర అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తుమ్మెద వచ్చింది. పువ్వును పట్టుకోగానే దాని రొద ఒక్కసారి సన్నబడింది, కుట్టుమిషను వేగం పెరిగినట్టు. అన్న వరసపెట్టి నొక్కాడు. తర్వాత తెర మీద చూపించాడు. నల్లటి మచ్చ, పసుపు మచ్చ. అంతే.

"తుమ్మెద వణుకుతుంది గదా, గందుకే గిట్లొచ్చింది," అన్నాడు.

నేను నమ్మాను. తుమ్మెద వణుకుతుందని మూడేళ్ళుగా నాకు చెబుతున్నది అతనే. కానీ రెండో ఫోటో చూపించినప్పుడు పువ్వు వెనుక ఉన్న మొగ్గ కంటబడింది. ఆ మొగ్గను తుమ్మెద ముట్టుకోలేదు. గాలి కూడా లేదు. అయినా మొగ్గకు రెండు అంచులు ఉన్నాయి. దాని కింది కాడకూ రెండు అంచులు.

"అన్నా, తుమ్మెద వణికితే ఈ మొగ్గ ఎందుకు వణికింది?"

అతను కెమెరా ఆపేసి సంచిలో పెట్టాడు. "పూలు కోసుకున్నవా? పోదాం నడువు. ఎండ ఎక్కుతుంది," అన్నాడు.

దారిలో నాచారంలో వాళ్ళింట్లో ఆగాం. అతని భార్య తారామణి వదిన టీ తెచ్చింది. నా గ్లాసు నిండుగా ఉంది. అతని గ్లాసులో సగమే పోసింది. మా వదిన చెయ్యి పెద్దది, ఎవరికీ సగం పోసే మనిషి కాదు. నేను గ్లాసు వైపు చూడటం ఆమె చూసింది. ఆమె చూడటం అన్న చూశాడు. అతను గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగాడు.

బయటికి సాగనంపడానికి వచ్చినప్పుడు వదిన గుసగుసగా అంది: "ఎండకాలం సంది గట్లనే ఉన్నది శారదా. దవాఖానకు పోదామంటే మీదికి లేస్తడు. సూపిస్తే కాయితం రాస్తరంట, కాయితం రాస్తే స్టీరింగు మీదికెళ్ళి దింపుతరంట. డ్రైవర్‌గనే రిటైరైత అంటడు."

నాచారం స్టాపులో వెనక్కి పడిన ఆమె, చంకలో పిల్ల, అన్నీ కళ్ళ ముందుకు వచ్చాయి. సమ్మె ఎన్నాళ్ళు నడిస్తే అన్నాళ్ళు నడవనీ అనిపించింది. టెంటు కింద అందరూ సమ్మె గెలవాలని కూర్చుంటే, నేను మాత్రం సమ్మె అయిపోకూడదని కూర్చున్నాను.

సద్దుల బతుకమ్మ రోజు కండక్టర్లమంతా డిపో గేటు ముందే బతుకమ్మ ఆడాం. నేను పేర్చిన బతుకమ్మ మీద, గునుగు వరసలో పచ్చటి పెంకుపురుగు ఒకటి కదలకుండా కూర్చుంది. "బసవరాజన్నా, దీన్ని దియ్యి!" అని ఆడవాళ్ళంతా అరిచారు. తప్పించుకోవడానికి వీల్లేకపోయింది. అతను కింద కూర్చుని, మోచేతులు మోకాళ్ళకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ. తాంబాలంలో ఉన్న పువ్వు, కదలని పురుగు. తెర మీద మాత్రం అలికినట్టు వచ్చింది.

"కెమెరా ముసలిదైంది," అని ఎవరో నవ్వారు. అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆట అయిపోయాక అతన్ని గోడ పక్కకు పిలిచి నిలదీశాను. "ఈ పురుగు గూడ వణికిందా అన్నా?"

"నాకు సెప్పొస్తున్నవా?"

"సెప్తున్న. సమ్మె అయ్యేలోపల దవాఖానకు పో. వదినను తీస్కోని పో. లేకుంటే నేనొస్త."

"కెమెరా ఎంతుంటది? అల్కగ ఉంటది, గందుకే వణుకుతది. స్టీరింగు అట్ల గాదు. బరువుంటది. పట్టుకుంటే చెయ్యి నిలవడ్తది. ఇరవై ఏండ్లు తోలిన, నాకు తెల్వదా?"

"మరి ఫుట్‌పాత్ ఎందుకెక్కింది?"

అతను గోడకు ఆనించిన చేతిని తీసి జేబులో పెట్టుకున్నాడు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేను. "ఎవలికన్న సెప్తవా?" అని అడిగాడు చివరికి. నన్ను ఎప్పుడూ అంత చిన్నగా అడగలేదు. తెలియదన్నాను.

దసరా వెళ్ళాక ఒక సాయంత్రం ఆర్టీసీ సమ్మె వాయిదా పడిందని టీవీలో చెప్పారు. రేపటి నుంచి బస్సులు. మా వీధిలో ఒకటే సంబరం. మర్నాటి మొదటి ట్రిప్పు మాదే. వదినకు ఫోన్ చేశాను.

"అన్న రేపు డ్యూటీకొస్తుండా?"

"యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటుండు," అంది. ఆ వెంటే, "కాలర్ కాల్చుకుండు," అంది.

పొద్దున డిపోలో మేనేజరు గది గుమ్మం దాకా వెళ్ళాను. లోపల ఆయన ఎవరితోనో ఫోన్లో ఉన్నారు. ఒక్క మాట చెబితే అన్న సీటు పోతుంది. చెప్పకపోతే ఎవరి ప్రాణం పోతుందో తెలియదు. అతని వెనుక ఆ మాట అనడానికి మాత్రం నాకు నోరు రాలేదు. వెనక్కి తిరిగి చూసేసరికి అన్న బస్సు అద్దానికి బంతిపూల దండ కడుతున్నాడు. ముడి పడటంలేదు. చివరికి పళ్ళతో లాగి బిగించాడు. కాలర్ మీద ఇస్త్రీపెట్టె మచ్చ గోధుమరంగులో కనిపిస్తోంది.

డిపోలోంచి ఖాళీ బండి తీయడానికి నా రైట్ అక్కర్లేదు. నేను క్యాబిన్ వెనుక సీట్లోనే కూర్చుని అతని చేతులను చూస్తూ ఉన్నాను. ఏమీ తెలియలేదు. స్టీరింగు వణుకుతోంది, అద్దం వణుకుతోంది, వీరభద్రుడు వణుకుతున్నాడు, తుమ్మెద ఫోటో వణుకుతోంది. మల్లాపూర్ మలుపులో పాల క్యాన్ల సైకిలు ఒకటి ఎదురైంది. బస్సు అటు వంగింది, ఇటు లాగింది, సైకిలాయన క్యాన్లతో సహా కాలవ పక్కకు దూకాడు. బస్సు పక్క అద్దానికీ సైకిలాయన తలకూ మధ్య జానెడు కూడా లేదు. అన్న భుజంతో చెమట తుడుచుకుని, వెనక్కి తిరగకుండా నడిపాడు. నేను సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని చర్లపల్లి వచ్చేదాకా వదల్లేదు.

చర్లపల్లిలో జనం మా మీద పడ్డారు. నెల రోజులుగా బస్సు లేదు. షిఫ్టులకు వెళ్ళేవాళ్ళు, కాలేజీ పిల్లలు, టిఫిను డబ్బాలు, పూల బుట్టలు. ఫుట్‌బోర్డు దాకా నిండిపోయింది. ఒకాయన బస్సుకు దండం పెట్టి మరీ ఎక్కాడు. అన్న ఇంజను స్టార్ట్ చేసి, గేరు రాడ్డు మీద చెయ్యి వేసి, అద్దంలో నా వైపు చూశాడు.

నేను రైట్ అనలేదు.

"అక్కా, రైట్ చెప్పు! షిఫ్టు టైమైతుంది!" అన్నారు వెనుక నుంచి. ఎవరో బస్సు రేకు మీద దబదబా కొట్టారు. మాట నా నాలుక చివరే ఉంది. పెదవులు బిగించి ఆపాను. జనాన్ని తోసుకుంటూ క్యాబిన్ దాకా వెళ్ళాను.

"శారదా, రైట్ అను," అన్నాడు అన్న.

"అనను."

"ఏమైంది? ఇంకెవలన్న ఎక్కాల్నా?"

"ఎవ్వలు ఎక్కేది లేదన్నా. నువ్వే దిగాలె."

ముందు సీట్లో పూలబుట్టతో కూర్చున్న పెద్దామె నా మీద లేచింది. "ఏం తమాషనే నీకు? నెల దినాల సంది కాళ్ళరిగేటట్టు తిరుగుతున్నం! తోలనియ్యి!" వెనుక నుంచి ఈలలు, తిట్లు. అన్న ఇంజను రేజ్ చేశాడు. బండి మొత్తం ఊగింది. అతను కావాలంటే వెళ్ళిపోవచ్చు. కండక్టరు మాట లేకుండా రోజుకు వంద బస్సులు కదులుతాయి. అద్దంలో అతని కళ్ళు ఎర్రబడ్డాయి. నేనూ అద్దంలోనే చూశాను, ఎదురుగా చూసే ధైర్యం లేక.

తర్వాత అతను ఇంజను ఆపేశాడు.

బస్సు వణుకు ఆగింది. అద్దాలు ఆగాయి, కడ్డీలు ఆగాయి, దండలోని బంతిపూలు ఆగాయి. గేరు రాడ్డు మీద అతని చెయ్యి ఒక్కటే ఆగలేదు. అది అలాగే వణుకుతూ ఉంది. పూలబుట్ట పెద్దామె ఆ చేతిని చూసింది. తిట్టడం ఆపి, నా వైపు చూసి, మళ్ళీ ఆ చేతి వైపు చూసింది. "అయ్యో కొడుకా," అంది.

అన్న కూడా తన చేతిని చూసుకున్నాడు. రెండో చేత్తో దాన్ని పట్టుకుని, తలుపు తీసి దిగి, గడ్డిలోకి నడిచి వెళ్ళిపోయాడు. జనాన్ని వెనుక బస్సు ఎక్కించేసరికి నేను పడని తిట్టు లేదు. ఒక్కటీ నా చెవికి ఎక్కలేదు.

నరాల జబ్బు అన్నారు దవాఖానలో. ప్రాణానికి భయం లేదు, మందులు వాడాలి, బండి మాత్రం ముట్టుకోవద్దు. అన్నను గ్యారేజీలో సామాన్ల గదికి మార్చారు. మూడేళ్ళపాటు నాతో మాట్లాడలేదు. నేను ఎదురైతే నట్లు, బోల్టులు సర్దుతూ తల దించుకునేవాడు. నాకూ పంతమే. సరిగ్గా చేశానని తెలుసు, అయినా ఆ గది ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ నడక వేగం పెంచేదాన్ని. మా బస్సుకు వచ్చిన కొత్త డ్రైవరు, దేవుని పక్కన ఈ ఈగ ఏందక్కా అని అడిగాడు. తుమ్మెద అన్నాను. తియ్యనివ్వలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడాది, బతుకమ్మకు వారం ముందు, అన్న గ్యారేజీ గుమ్మంలో నిలబడి నన్ను పిలిచాడు. "పూలకు పోతున్నవా?" అన్నాడు, నిన్న కూడా మాట్లాడినట్టే. భుజాన కెమెరా సంచి ఉంది.

భగాయత్‌లో అప్పటికి చాలాచోట్ల పొదలు కొట్టేశారు. మూసీ వైపు కొంచెం తంగేడు మిగిలింది. కెమెరాను నా చేతిలో పెట్టాడు. నాకు రాదన్నాను. "ఊపిరి ఆపు, మోకాలి మీద మోచెయ్యి పెట్టు, నేనన్నప్పుడు నొక్కు," అన్నాడు. నా భుజం వెనుక వంగి, పువ్వునే చూస్తూ నిలబడ్డాడు.

తుమ్మెద వచ్చింది. పక్క పువ్వు మీద వాలింది. నా వేలు తొందరపడింది.

"హోల్డాన్," అన్నాడు చెవి దగ్గర. "హోల్డాన్... హోల్డాన్..."

తుమ్మెద నా ముందున్న పువ్వు మీదికి వచ్చింది. కాళ్ళతో కరుచుకుంది. రొద సన్నబడింది.

"రైట్," అన్నాడు.

నొక్కాను. తుమ్మెద సగమే పడింది, తల బయటే ఉండిపోయింది. పనికిరాని ఫోటో అనుకుని సిగ్గుపడుతూ ఇచ్చాను. అతను రెండు చేతులతో పట్టుకోబోయి, తెర ఊగుతుంటే మళ్ళీ నా చేతికే ఇచ్చి పట్టుకోమన్నాడు. చాలాసేపు చూశాడు. మొగ్గ నిలకడగా ఉంది, ఒకటే అంచు. కాడ నిలకడగా ఉంది. రెక్కలు మాత్రం పొగలా చెదిరాయి.

"సూడు, తుమ్మెద ఒక్కటే వణికింది," అన్నాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని, "ఆ దినం నువ్వు రైట్ అననందుకు ఇప్పుడు నేనంటున్న చెల్లె. ఇంకోటి దియ్యి," అన్నాడు.